ఉప్పుగెడ్డ తీగపాచి

పోలిరాజు శవాన్ని పడవలోంచి దించి ఇసుకలో పడుకోబెట్టినప్పుడు ఉప్పుగెడ్డ పేటలో ఎవరూ ఏడవలేదు.

పేటంతా వచ్చింది. రాకుండా ఎలా ఉంటారు, అందరికీ కావలసినవాడు. ఎవరి వల చిక్కుపడినా కూర్చుని ఓపిగ్గా విప్పేవాడు. పెళ్ళిళ్ళలో డప్పు అందుకుంటే చేతులు బొబ్బలెక్కినా వదిలేవాడు కాదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడి చూశారు. అతని భార్య నూకరత్నం శవం తల దగ్గర కూర్చుని, చెవుల్లో చేరిన ఇసుకను చీర చెంగుతో తుడిచింది. తుడవడం పూర్తయ్యాక తలెత్తి, విశాఖపట్నం నుంచి అప్పుడే వచ్చిన తన అక్క తారకను చూసింది.

"ఎప్పుడొచ్చినావప్పా? టీ తాగుతావా?"

"తాగుతాను," అంది తారక.

టీలో పంచదార సరిపోయింది. ఆ సంగతి తారకకు తెలిసింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

పోలిరాజుతో కలిసి చేపల వేటకు వెళ్ళిన ఎల్లాజీ జరిగింది చెప్పాడు. వల దింపుతుంటే తాడు పోలిరాజు కాలికి మెలిపడింది.

"మెలిక పడతన్నాదని ఆడికి తెలుసు. కాలికేసి సూస్తనే ఉన్నాడు. నానూ సూస్తనే ఉన్నాను. ఆడు అరవనేదు, నాను అరవనేదు. వల బరువుకి తాడు లాగీసింది. ఎల్లిపోనాడు."

"పడవలో కత్తి లేదా?" అడిగింది తారక.

"ఉన్నాది. నా సేతిలోనే ఉన్నాది."

కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పాడు ఎల్లాజీ. విన్నవాళ్ళు తలలూపారు.

మధ్యాహ్నం దాటాక కళింగపట్నం నుంచి పోలిరాజు మేనత్త వచ్చింది. ఆటో దిగీ దిగకముందే గుండెలు బాదుకుంటూ పరుగెత్తి శవం మీద పడింది. నా తండ్రీ, నా బంగారమా అని ఎలుగెత్తి ఏడ్చింది. ఆ ఒడ్డున వినిపించిన ఏడుపు అదొక్కటే. కాసేపటికి తన గొంతుకు మరో గొంతు తోడు రావడం లేదని ఆమెకే తెలిసింది. ఏడుపు ఆపి చుట్టూ చూసింది.

"ఒలే, మీకేటైనాదే? మీరు మనుసులేనా? కట్టుకున్నోడు పోతే దాని కంట సుక్క నీరు నేదేటే?"

నూకరత్నం గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "తాగత్తా. దూరం నుంచొచ్చినావు."

ముసలామె గ్లాసు అందుకోలేదు. కూర్చున్నచోటే వెనక్కి జరిగింది. ఒక్కో మొహాన్నీ చూసుకుంటూ వచ్చి తారక దగ్గర ఆగింది. "సదువుకున్నదానివి, నువ్వైనా..." అనబోయి, తారక మొహం చూసి ఊరుకుంది.

అప్పుడు తారక తనలో తాను వెతుక్కుంది. పోలిరాజు ఆమెను వదినా అని పిలిచేవాడు. ఆమె పెళ్ళి చేసుకోనని భీష్మించుకుంటే ఇంట్లో అందరితోనూ పోట్లాడి ఆమె పక్కన నిలబడింది అతనొక్కడే. అదంతా గుర్తుంది. దుఃఖం మాత్రం లేదు. ఎప్పటి నుంచి లేదో అని ఆలోచించింది. ఆ సంగతి గుర్తు రాలేదు.

*

తారక ఆ పేటలోనే పుట్టింది. సముద్ర రసాయన శాస్త్రం చదివింది. చదవడానికి కారణం ఒక కంపు.

ఆమె చిన్నప్పటి నుంచి, ప్రతి ఏడూ వానలు వెళ్ళిపోయాక ఉప్పుగెడ్డ అఖాతం కుళ్ళిన గుడ్ల వాసన వేసేది. అడుగు నీళ్ళలో ప్రాణవాయువు అయిపోయేది. ఊపిరాడని పీతలు గుంపులుగా ఒడ్డెక్కేవి. ఆ వెనక చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలేవి. ఏటేటా ఆ కాలం పెరుగుతూ వచ్చి, తారక ఉద్యోగంలో చేరేనాటికి సగం ఏడాది అఖాతంలో వల వేయడమే దండగైపోయింది.

ఆ రోగం ఎక్కడుందో పరిశోధనశాలలో తెలుసుకుంది. అది అడుగు బురదలో ఉంది. బురదలోని ఇనుము తుప్పుగా ఉన్నంతకాలం భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ప్రాణవాయువు పోతే తుప్పు కరిగిపోతుంది, పట్టు వదులుతుంది. విడుదలైన భాస్వరం పైకి వచ్చి నాచుకు ఎరువవుతుంది. నాచు విరగబెరిగి, చచ్చి, అడుక్కి దిగి కుళ్ళుతూ మిగిలిన ప్రాణవాయువును కూడా తినేస్తుంది. దాంతో మరింత తుప్పు కరుగుతుంది. ఇక ఆ చక్రం దానంతట అదే తిరుగుతూ ఉంటుంది.

చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. సముద్రపు బురదలో తలవెంట్రుక కంటే సన్నగా, తీగల్లా పెరిగే ఒక రకం సూక్ష్మజీవులున్నాయి. వాటి ఒంట్లోంచి కరెంటు పారుతుంది. లోపలి బురదలో ఆ కంపు పుట్టించే విషవాయువును తిని, అందులోంచి వచ్చిన కరెంటును పైనున్న ప్రాణవాయువు దాకా మోసుకెళ్ళి వదులుతాయి. తారక వాటిని ఏళ్ళ తరబడి పెంచి, పొడవు సాగదీసి, చాపలా అల్లుకునేలా మార్చింది. అడుగున ప్రాణవాయువు ఎలాగూ లేదు కాబట్టి, ఆ చాపను ఉక్కు తీగలతో నీటిమీది తెప్పలకు కలిపింది. నీళ్ళలో మునిగినవాడికి గొట్టంతో గాలి అందించినట్టు తెప్పలు దానికి పైగాలిని అందించేవి. పేటవాళ్ళు దాన్ని తీగపాచి అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

తీగపాచి పరిచిన మరుసటి ఏడు వానలు వెళ్ళిపోయాయి. కంపు రాలేదు. నూకరత్నం ప్రతి ఉదయం ఒడ్డుకు వచ్చి గాలి పీల్చి, "ఇంకా రానేదప్పా!" అని ఫోన్‌లో అరిచేది. అడుగున ఎర్రటి తుప్పు పొర కొత్తగా కట్టింది. భాస్వరం అక్కడే ఆగింది. చేపలు తిరిగొచ్చాయి, ముందు కవ్వళ్ళు, వాటి వెనక కానాగంతలు. చిప్పల్లో మాంసముండే గుల్లలు ఎన్నడూ లేనంతగా పడ్డాయి. నూకరత్నం మామిడికాయ వేసి గుల్లల పులుసు పెట్టేది. తారక ప్రతి ఆదివారం వెళ్ళి చెల్లెలి చేతి వంట తిని వచ్చేది. ఆ రోజుల్లో నూకరత్నం నవ్వితే పక్క వీధిలో కుక్కలు లేచేవని పోలిరాజు వేళాకోళం చేసేవాడు.

ఆ నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. గమనించి కంగారు పడాల్సినవాళ్ళకు కంగారన్నదే పోయింది.

*

పేటకు కొత్తగా వచ్చింది తీగపాచి ఒక్కటే కాబట్టి, దహనం ముగిసిన మర్నాడు తారక అఖాతంలోకి వెళ్ళి, బురదలోకి గొట్టం దింపి, నిలువునా ఒక ముక్క తీసింది. పైన తుప్పు పొర చక్కగా ఉంది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది ఆ పొరనే. దానికింద ఏముందో ఈసారి చూసింది.

తీగపాచి తన పని చేస్తూ చేస్తూ లోపలి బురదను పులియబెట్టింది. నిమ్మరసం పోస్తే గవ్వ కరిగినట్టు, ఆ పులుపుకు వందల ఏళ్ళుగా బురదలో కదలకుండా పడివున్న మాంగనీసు కరిగింది. ఇనుమైతే పైకి రాగానే తుప్పై ఆగిపోయింది. మాంగనీసు ఆగలేదు. తీగల ఒంటి జిగురును అంటిపెట్టుకుని నీళ్ళలోకి వచ్చింది. గుల్లలు దాన్ని వడకట్టి ఒంట్లో దాచుకున్నాయి. పీతలు, చేపలు గుల్లల్ని తిన్నాయి. పేట వాటిని తింది.

నగరంలో నరాల వైద్యురాలు ఫర్హానా, అక్కచెల్లెళ్ళ తలల స్కానింగు ఫిల్ములు దీపపు పెట్టె మీద పక్కపక్కన పెట్టింది. మెదడు నడుమ ఒకచోట తెల్లటి మచ్చ.

"గనుల్లో పనిచేసేవాళ్ళకు మాంగనీసు పట్టడం చూశాను. వణుకు వస్తుంది, నడక మారుతుంది. ఇది అలా లేదు. జిగురుతో కలిసి రావడం వల్ల కాబోలు, తిన్నగా ఇక్కడికే వచ్చి చేరింది. భయం, బాధ, సంతోషం, అన్నీ ఇక్కడే కదా పుట్టేది," అని ఆగింది. "మీకు చెప్పాలంటే నాకే భయమేస్తోంది. మీరిద్దరూ అలా చూస్తున్నారు."

"నయమవుతుందా?" అంది తారక.

"తినడం ఆగితే చెల్లెలుగారికి నెమ్మదిగా తగ్గొచ్చు. మీరు ఏళ్ళ తరబడి చేతులతో ఆ పాచిని పెంచారు. మీది పాతది, లోతుగా దిగింది. నేను మాట ఇవ్వలేను."

తారక తలూపింది. బయటకు వచ్చాక నూకరత్నం, "బస్సు దొరుకుతాదా ఈ టైములో?" అని అడిగింది.

*

పరిశోధనశాల డైరెక్టరు సదానందం అంతా విన్నాడు. తారకను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. తెప్పలకు అనుమతులు తెచ్చింది ఆయనే. కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. ఏడుస్తున్నాడు.

"తినొద్దని చెబుదాం తారకా. గుల్లలు, చేపలు అన్నీ ఆపేద్దాం. ఈలోగా పులుపు పుట్టకుండా పాచిని మారుద్దాం. నాలుగైదేళ్ళు పడుతుంది. తెప్పల తీగలు కోస్తే ఏమవుతుందో నీకు తెలుసు."

తెలుసు. ఊపిరి అందక పాచి చస్తుంది. అది ఇన్నాళ్ళూ బిగించి పెట్టిన విషవాయువు, భాస్వరం అన్నీ ఒక్కసారిగా పైకి వస్తాయి. మునుపటి కంటే ఘోరంగా అఖాతం చచ్చిపోతుంది. మళ్ళీ ఎప్పటికి తేరుకుంటుందో లెక్క కట్టడానికి కూడా వీలులేదు.

"తినొద్దని చెప్పాను సార్. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. సరేనన్నారు. మధ్యాహ్నానికి వండుకుని తిన్నారు. విషమని తెలిసే తిన్నారు. నేను కూడా మొన్న ఆదివారం తిన్నాను."

సదానందం తలెత్తి చూశాడు.

"నీకు తెలిసి కూడానా?"

"ఆకలేసింది. ఎదురుగా ఉంది. చావంటే భయం ఉన్నవాళ్ళకు వద్దని చెబితే పనిచేస్తుంది సార్. మా దగ్గర భయమే లేదు. తాడు కాలికి చుట్టుకుంటుంటే చూస్తూ కూర్చునేవాళ్ళం. ఇంకో నాలుగేళ్ళంటే పేటలో ఎవరు మిగులుతారు?"

"నీకిప్పుడు ఏమనిపిస్తోంది? నిజం చెప్పు."

"ఏమీ అనిపించడం లేదు. అందుకే ఒక పని చేస్తున్నాను. నేను మునుపటి మనిషినైతే ఏం చేసేదాన్నో అని ఆలోచిస్తున్నాను. అదే చేద్దామనుకుంటున్నాను."

"ఒక్క వారం ఆగు. పైవాళ్ళతో మాట్లాడతాను," అన్నాడు ఆయన. మాట్లాడాడు కూడా. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఒక సంఘాన్ని వేస్తామని పైనుంచి కబురు వచ్చింది. ఆ రెండు వారాల్లో పేటలో ఒకామె మరుగుతున్న నూనెలో చెయ్యి పెట్టి, తీయడానికి తొందర పడలేదు.

తారక పేటవాళ్ళను ఒడ్డున కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పింది. పాచి పోతే చేపలు పోతాయి, కంపు వస్తుంది, ఊరు వదలాల్సి రావచ్చు. పాచి ఉంటే ఇలాగే ఉంటారు. ఏం చెయ్యమంటారు?

ఎల్లాజీ, "నీ ఇట్టం," అన్నాడు. మిగతావాళ్ళు కూడా నీ ఇష్టమే అన్నారు. అది ఒప్పుకోవడం కిందకు రాదని తారకకు తెలుసు. ఒప్పుకోవడానికైనా కాదనడానికైనా లోపల ఏదో ఒకటి ఉండాలి కదా.

జనం వెళ్ళిపోయాక నూకరత్నం మాత్రం ఉండిపోయింది.

"నేను పరిచిన పాచే పోలిరాజును చంపింది," అంది తారక.

"అలాగా," అంది నూకరత్నం. "మరి ఆ పాచి పోతే నాకు ఏడుపొస్తాదా?"

"వస్తుంది. ఆలస్యంగా వస్తుంది. బహుశా అంతా ఒక్కసారే వస్తుంది."

"ఇప్పుడు నొప్పి నేదు కదప్పా. పడుకుంటే నిద్ర వస్తన్నాది. ఎందుకు మరి తెచ్చి పెట్టడం?"

తారక దగ్గరున్న జవాబులన్నీ వేరే మనిషివి, మునుపటి తారకవి. వాటిలోంచి ఒకటి తీసి చెప్పింది. "ఆడు పోయాడని నీకు తెలియాలి కదే. నీకే తెలియకపోతే ఆడొకడు ఉండేవాడని కూడా ఎవరికీ తెలియదు."

నూకరత్నం లేచి చీరకంటిన ఇసుక దులుపుకుంది. అవుననలేదు, కాదనలేదు.

*

ఉదయం ఎండ ఎక్కుతుండగా తారక ఎల్లాజీ పడవ తీసుకుని తెప్పల దగ్గరకు వెళ్ళింది. తీగ కోసే కత్తెర బరువుగా ఉంది. ఒక్కో తెప్ప దగ్గరా ఆగి ఉక్కు తీగను కోసింది. తీగ తెగి నీళ్ళలోకి జారినప్పుడల్లా ఎల్లాజీ పడవను ముందుకు నడిపాడు. చదువూ ఉద్యోగమూ, నిద్రపోని రాత్రులూ, వయసూ అన్నీ ఆ తీగల్లో ఉన్నాయని తారకకు తెలుసు. చివరి తెప్ప దగ్గర చేతులు నొప్పి పుట్టాయి. ఆ నొప్పి ఒళ్ళు నొప్పి. అంతే.

కొన్ని రోజులు ఏమీ కాలేదు. ఆ తరవాత పీతలు ఒడ్డెక్కాయి.

కంపు పేటను దాటి రోడ్డు దాకా పాకింది. నీళ్ళు ముందు పాలల్లే తెల్లబడి, ఆపైన పచ్చగా చిక్కబడ్డాయి. చచ్చిన కానాగంతలు అలలతోపాటు వచ్చి ఇసుకలో మోకాలెత్తు పేరుకున్నాయి. టీవీల వాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వచ్చారు. తారకను ఉద్యోగంలోంచి తప్పించి విచారణ పెట్టారు. సదానందం ఆమె పక్షాన సాక్ష్యం చెప్పాడు. ఆమె తరఫున ఆయనే కోపం తెచ్చుకున్నాడు, ఆయనే గొంతు చించుకున్నాడు. ఆమె ఆయన పక్కన కూర్చుని అడిగినవాటికి జవాబులు చెప్పింది.

వేట లేక పేటవాళ్ళు చెదిరిపోయారు. కొందరు పారాదీప్ బోట్లలో పనికి వెళ్ళారు, కొందరు నగరంలో రొయ్యల కంపెనీల్లో చేరారు. నూకరత్నం అక్క దగ్గరకే వచ్చింది. తారక అద్దెకు తీసుకున్న మేడమీది రెండు గదుల్లో ఇద్దరూ ఉండేవారు. పొద్దున్నే లేచి వండుకునేవారు, తినేవారు, బట్టలు ఉతుక్కునేవారు. రోజులు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయేవి.

చలికాలం వచ్చేసరికి నూకరత్నంలో చిన్న చిన్న తేడాలు కనిపించాయి. కింద ఇంటివాళ్ళు నీళ్ళ మోటారు ఆపేస్తే విసుక్కుంది. వీధిలో బండి కీచుమంటే ఉలిక్కిపడింది. ఒకరోజు ఎల్లాజీ పారాదీప్ నుంచి ఫోన్ చేశాడు. తారక స్పీకరు పెట్టింది. అటువైపు నుంచి చాలాసేపు ఎగశ్వాస తప్ప ఏమీ వినిపించలేదు.

"వదినా, కత్తి నా సేతిలోనే ఉన్నాది. నా సేతిలోనే ఉన్నాది వదినా..." అని నూకరత్నంతో అంటూ భోరుమన్నాడు.

నూకరత్నం ఫోన్‌కేసి చూస్తూ నిలబడింది. చీర చెంగును గుప్పిట్లో బిగించింది. తారక ఆ గుప్పిటను చూసింది.

ఆ తరవాతి ఆదివారం నూకరత్నం వంటగదిలో నేల మీద కత్తిపీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంది. మళ్ళీ తిరిగాయి. తరగడం ఆపేసింది. ఆపినా అవి ఆగలేదు.

"అప్పా," అంది. "అప్పా, ఇది ఉల్లిపాయ కాదు."

తారక వచ్చేలోపే నోటిలోంచి ఒక కేక వచ్చింది. ఆ కేక మేడ మెట్ల దాకా వెళ్ళింది. కింద ఇంటివాళ్ళు పరుగెత్తుకు వచ్చారు. నూకరత్నం నేల మీద దొర్లింది, గోడకు తల కొట్టుకుంది. పోలిరాజు పేరు పట్టుకుని పిలిచింది. తారక పట్టుకోబోతే ఆమెను రెండు చేతులా బాదింది.

"ఎందుకు కోసీసినావే ఆ తీగలు? నానడిగినానా? ఆడి సెవుల్లో ఇసక తుడిసినానే! ఇసక తుడిసి నీకు టీ పెట్టినానే! నన్నలా వదిలీవలసింది కదే!"

తారక ఆ దెబ్బలు తిన్నది. చేతులు అడ్డు పెట్టుకోలేదు. కింద ఇంటామె విడిపించబోతే వద్దని తల అడ్డంగా ఊపింది. బాది బాది నూకరత్నం చేతులు వాలిపోయాయి. అక్క భుజంలో మొహం దాచుకుని ఏడ్చింది. మధ్యాహ్నమంతా ఏడ్చింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. తారక ఆమె వీపు రాస్తూ కూర్చుంది. వీపు ఎలా రాయాలో చేతికి గుర్తుంది.

ఎండ కిటికీలోంచి తప్పుకున్నాక నూకరత్నం కాస్త నెమ్మదించింది. గోడకు చేరబడి ఎక్కిళ్ళు పెడుతూ కూర్చుంది. ఇద్దరూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తారక కత్తిపీట దగ్గరకు జరిగి మిగిలిన ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. నాలుగు ముక్కలు కోసేసరికి ఆమె కళ్ళు మండి, నీళ్ళు కారి చెంపల మీదకు వచ్చాయి.

నూకరత్నం అది చూసింది. ఎక్కిళ్ళు ఆపుకుని ముందుకు వంగింది.

"అప్పా? నీకూ...?"

తారక తనలో తాను వెతుక్కుంది. ఈసారి చాలాసేపు వెతికింది.

"లేదే. ఉల్లిపాయలే."

నూకరత్నం అక్క మొహంలోకి చూసింది. దగ్గరకు జరిగి, చీర చెంగుతో ఆ చెంపలు తుడిచింది.

"పోన్లే అప్పా. నీ వంతు కూడా నానే ఏడుస్తాను," అంది. అని, మళ్ళీ ఏడవసాగింది.